ఒకే అధ్యయనం, రెండు తీర్పులు: ఆంధ్రప్రదేశ్ వోచర్ ప్రయోగాన్ని ఎలా చదవాలి?

ప్రశ్న: తూర్పుకనుమ

అందరికీ నమస్కారం. నేను విద్యాశాస్త్రంలో పరిశోధక విద్యార్థినిని. బడుల సంస్కరణ గురించి మన రెండు రాష్ట్రాల్లో జరిగే చర్చల్లో ప్రైవేటు బడిని సమర్థించేవారూ, వ్యతిరేకించేవారూ ఒకే ఆధారాన్ని ఎదుటివారి ముందు పెట్టడం చూస్తున్నాను. ఆ ఆధారం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2008 నుంచి 2012 వరకు ఐదు జిల్లాల్లోని 180 గ్రామాల్లో నడిచిన వోచర్ ప్రయోగం. పిల్లలను ప్రైవేటు బడికి పంపాలనుకునే తల్లిదండ్రుల నుంచి దరఖాస్తులు తీసుకుని, లాటరీలో పేరు వచ్చిన పిల్లలకు ఫీజు, పుస్తకాలు, యూనిఫారం ఖర్చు ప్రాజెక్టే భరించింది. నాలుగేళ్ల తర్వాత తెలుగు, గణితం పరీక్షల్లో లాటరీ గెలిచిన పిల్లలకూ గెలవని పిల్లలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఆ తర్వాతే దారులు చీలాయి. అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్‌కు చెందిన డి.డి. కరోపాడి 2014లో ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీలో రాస్తూ, గ్రామీణ బడుగు వర్గాల పిల్లలకు ప్రైవేటు బడి అదనంగా ఒరగబెట్టిందేమీ లేదని తేల్చారు. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2015లో క్వార్టర్లీ జర్నల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ప్రచురించిన వ్యాసంలో, ప్రైవేటు బడులు ఒక్కో పిల్లవాడిపై ప్రభుత్వ బడి పెట్టే ఖర్చులో మూడో వంతు కన్నా తక్కువతోనే అదే ఫలితం సాధించాయి కాబట్టి వాటి ఉత్పాదకత ఎక్కువని వాదించారు.

ఒకే పిల్లలు, ఒకే పరీక్షలు అయినప్పుడు ఈ రెండింటిలో ఏ నిర్ధారణను నేను నా సమీక్షా అధ్యాయంలో నిలబెట్టాలి? రెండూ సరైనవే అనదగ్గ పక్షంలో ఆ అధ్యయనం విధాన నిర్ణేతకు చెప్పేది ఏమిటి?

జవాబు 1: పద్దులపుస్తకం

తూర్పుకనుమ గారూ, మీరు చెప్పిన రెండు వ్యాసాలూ వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. ‘మా అమ్మాయిని ఏ బడిలో వేస్తే బాగా చదువుతుంది’ అన్నది తల్లి అడిగే ప్రశ్న. ‘ఇంత సొమ్ముతో ఎంత చదువు వస్తుంది’ అన్నది ఖజానా చూసుకునేవారు అడిగే ప్రశ్న. మొదటిదానికి కరోపాడి గారి జవాబు, రెండోదానికి ఆర్థికవేత్తల జవాబు ఏకకాలంలో నిజం కావడంలో వైరుధ్యం లేదు. అయితే అంతటితో వదిలేస్తే మీ అధ్యాయం గోడమీద పిల్లి వాటంగా తయారవుతుంది కాబట్టి, రెండు వాదాల్లోనూ బలహీనంగా ఉన్న చోట్లను పట్టి చూడమని నా సలహా.

ముందుగా ప్రయోగం నిర్మాణం. ఇందులో లాటరీ రెండుసార్లు వేశారు. దరఖాస్తులు వచ్చిన గ్రామాల్లో సగం గ్రామాలకు మాత్రమే వోచర్లు ఇచ్చారు, ఆ గ్రామాల్లోనూ దరఖాస్తుదారుల్లో కొందరికే ఇచ్చారు. దీనివల్ల మామూలు లాటరీ పరిశోధన చెప్పలేని సంగతి ఒకటి తెలిసింది. చురుకైన పిల్లలు వెళ్లిపోతే ప్రభుత్వ బడిలో మిగిలినవారు దెబ్బతింటారని ఒక పక్షం, కొత్తగా వచ్చిన పేద పిల్లల వల్ల ప్రైవేటు బడిలో ముందునుంచీ ఉన్నవారు దెబ్బతింటారని మరో పక్షం భయపెట్టడం వోచర్ చర్చలో ఎప్పుడూ ఉండేదే. వోచర్లు వచ్చిన ఊళ్లలోని ఆ రెండు రకాల పిల్లలను వోచర్లు రాని ఊళ్లలోని అటువంటి పిల్లలతో పోల్చి చూస్తే, రెండు భయాలకూ ఆధారం దొరకలేదు. నన్నడిగితే ఈ అధ్యయనంలో అన్నిటికన్నా తక్కువగా ఉటంకించబడే, అన్నిటికన్నా విలువైన ఫలితం ఇదే.

ఇక ‘తేడా లేదు’ అనే మాట. ఈ మాట తెలుగుకూ గణితానికీ మాత్రమే వర్తిస్తుంది. నాలుగో ఏడాది చివర హిందీలో కూడా పరీక్ష పెడితే లాటరీ గెలిచిన పిల్లలు చాలా ముందున్నారు. ప్రభుత్వ ప్రాథమిక బడుల్లో అప్పట్లో హిందీ చెప్పేవారే కాదు కాబట్టి ఇందులో ఆశ్చర్యం లేదు. ఇంగ్లీషు, పరిసరాల విజ్ఞానంలో తేడా ధన దిశలో ఉన్నా గట్టిగా చెప్పగలిగినంత లేదు. అన్ని సబ్జెక్టులనూ కలిపి సగటు తీస్తే లాటరీ గెలిచినవారు 0.13 ప్రామాణిక విచలనాలు (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉంటాయో చెప్పే కొలమానం) పైన ఉన్నారు, నిజంగా ప్రైవేటు బడిలో చదివినవారి లెక్కకు మార్చుకుంటే అది 0.23 అవుతుంది. ఈ రెండు అంకెలు వేర్వేరుగా ఉండడానికి కారణం, వోచర్ వచ్చినవారిలో దాదాపు 61 శాతం మందే దాన్ని వాడుకోవడం. మీ అధ్యాయంలో ఈ రెండింటినీ కలగాపులగం చేయకండి. పత్రికల్లో వచ్చే వ్యాసాల్లో జరిగే పొరపాటు ఎక్కువగా ఇక్కడే.

అంటే కరోపాడి గారి నిర్ధారణ తెలుగు, లెక్కలను కొలబద్దగా పెట్టుకుంటే నిలుస్తుంది, కొలబద్ద మార్చితే కొంత సడలుతుంది. ఆర్థికవేత్తల నిర్ధారణలో సందు వేరే చోట ఉంది. మూడో వంతు ఖర్చు అన్నది సగటు ఖర్చు. ఇరవైమంది పిల్లలున్న ఊరి బడి నుంచి ఐదుగురు వోచర్ తీసుకుని వెళ్లిపోతే ఆ బడిలోని ఎస్జీటీ (ప్రాథమిక తరగతుల టీచరు) జీతం పావు వంతు తగ్గదు, గదుల నిర్వహణా తగ్గదు. ప్రభుత్వం పాత ఖర్చు భరిస్తూనే కొత్తగా వోచర్ సొమ్ము చెల్లించాలి. ఆ ఆదా చేతికి రావాలంటే బడి మూసేయాలి లేదా డీఎస్సీ నియామకాలు ఆపేయాలి. అటువంటి పరిస్థితిలో మిగిలిన పిల్లలకు ఏమవుతుందో ఈ ప్రయోగం పరీక్షించలేదు, ఎందుకంటే ప్రయోగం జరిగిన నాలుగేళ్లూ ఆ ఊళ్లలో ప్రభుత్వ బడి తలుపులు తెరిచే ఉన్నాయి.

జవాబు 2: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, నిజామాబాద్ జిల్లా

అమ్మా, పైన వారు పద్దు కోణం చక్కగా చెప్పారు. తరగతి గది వైపు నుంచి కొన్ని మాటలు చేర్చుతాను.

ఆ అధ్యయనంలో పరిశోధకులు రెండు రకాల బడుల టైంటేబుళ్లను కూడా నమోదు చేశారు. ప్రైవేటు బడుల్లో పని గంటలు, పని దినాలు ఎక్కువ, తరగతిలో పిల్లలు తక్కువ, పంతుళ్ల గైర్హాజరు తక్కువ. అయినా తెలుగుకూ గణితానికీ వారు కేటాయించే సమయం మనకన్నా తక్కువ. మిగిలిన సమయాన్ని ఇంగ్లీషు, హిందీ, సైన్సు, సోషల్ పంచుకున్నాయి. తక్కువ సమయంలో అదే తెలుగు, అవే లెక్కలు వచ్చాయంటే వారి ఘనత ఒప్పుకోవలసిందే. ముప్పై ఏళ్లు సర్కారు బడిలో పనిచేసిన నేను దీన్ని దాటవేయదలచుకోలేదు. అయితే ఆరేడేళ్ల పసివాడికి అక్షరాలు కూడబలుక్కునే దశలో మాతృభాష గంటలు తగ్గించి మూడు భాషలు మీద వేయడం మంచిదా అనే ప్రశ్నకు ‘సమయం ఆదా’ జవాబు కాదు. తెలుగు మాధ్యమ ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలు ఇంగ్లీషు మాధ్యమ ప్రైవేటు బడికి వెళ్లిన పిల్లలకన్నా మెరుగ్గా ఉన్నట్టు సూచనలు కనిపించాయని ఆ వ్యాసంలోనే ఉంది. అది గట్టి రుజువు కాదని, సూచన మాత్రమేనని వారే జాగ్రత్త పడ్డారు. 2019లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 81తో సర్కారు బడులను ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చబోయినప్పుడు, 2020లో హైకోర్టు దాన్ని కొట్టివేసినప్పుడు, రెండు వైపులా ఆత్మగౌరవం గురించీ ఉద్యోగాల గురించీ గంటల తరబడి మాట్లాడారు గాని మన ఊళ్లలోనే పుట్టిన ఈ సూచన నేను విన్నంతలో ఏ వేదికపైనా ప్రస్తావనకు రాలేదు.

ఖర్చు సంగతికి వస్తాను. ప్రైవేటు బడి చవకగా నడవడానికి అసలు కారణం జీతాలు. ఆ పల్లెల ప్రైవేటు బడుల్లో టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరో వంతు కూడా లేదు. ఇంటర్ లేదా డిగ్రీ చదివి, పెళ్లి కాక ముందు రెండు మూడేళ్లు ఊళ్లోని కాన్వెంటులో పాఠాలు చెప్పే ఆడపిల్లల శ్రమ మీద ఆ బడ్జెట్ నిలబడి ఉంది. దీన్ని ‘ఉత్పాదకత’ అని పిలవడం ఆర్థికశాస్త్రంలో తప్పు కాకపోవచ్చు. కాని ఒక రాష్ట్రం మొత్తం బడి వ్యవస్థను ఆ జీతాల మీద నడపవచ్చని దాని నుంచి తేల్చడం వేరు సంగతి.

ఇదే పరిశోధకులు అంతకుముందు, 2005 నుంచి, ప్రభుత్వంతోనూ ఫౌండేషన్‌తోనూ ప్రపంచ బ్యాంకుతోనూ కలిసి మన సర్కారు బడుల్లో చేసిన ప్రయోగాలను కూడా మీరు చదవాలి. పిల్లల మార్కులు పెరిగితే టీచరుకు బోనస్ ఇచ్చే పథకాన్ని 300 బడుల్లో పరీక్షించారు: 100 బడుల్లో ఒక్కొక్క టీచరుకు, 100 బడుల్లో టీచర్లందరికీ ఉమ్మడిగా, మిగిలిన 100 బడుల్లో ఏమీ లేదు. సగటు బోనస్ ఏడాది జీతంలో 3 శాతం మాత్రమే. రెండేళ్లలో బోనస్ బడుల పిల్లలు గణితంలో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ముందుకు వెళ్లారు. బోనస్‌తో సంబంధం లేని సైన్సు, సోషల్ మార్కులు కూడా పెరిగాయి గాని తగ్గలేదు. ఉపాధ్యాయ సంఘాల్లో పనిచేసిన నావంటివారు ఇటువంటి పథకాన్ని సూత్రరీత్యా వ్యతిరేకించాం, నేను ఇప్పటికీ వ్యతిరేకిస్తాను. కాని ఫలితం ఫలితమే. అందులో నాకు ఆసక్తి కలిగించినది ఏమిటంటే, టీచర్ల హాజరు ఏమాత్రం మారలేదు. వచ్చిన రోజున అదనపు తరగతులు తీసుకోవడం, ఇంటిపని దిద్దడం, మాదిరి పరీక్షలు పెట్టడం పెరిగింది. హాజరు యంత్రాలకు వేలిముద్రలు, ముఖచిత్రాలు ఇవ్వడమే సంస్కరణ అనుకునేవారు ఈ సంగతిపై కాసేపు ఆగాలి.

మరో ప్రయోగంలో ఒక్కో పిల్లవాడు ఎక్కడ వెనకబడ్డాడో వివరంగా రిపోర్టులు తయారుచేసి టీచర్లకు ఇచ్చారు. పర్యవేక్షకులు వచ్చిన రోజున ఆ టీచర్లు మరింత చురుకుగా కనిపించారు. మార్కులు మాత్రం కదలలేదు. యాప్‌లలో అంకెలు నింపుతూ పొద్దు పుచ్చుతున్న నేటి టీచర్లకు దీని అర్థం విడమరచి చెప్పనక్కరలేదు.

జవాబు 3: పద్దులపుస్తకం

మాస్టారూ, జీతాల గురించి మీరన్నది ఒప్పుకుంటూనే ఒక చిన్న సవరణ. ఆ పరిశోధకులే సర్కారు బడులకు అదనంగా ఒక కాంట్రాక్టు టీచరును ఇచ్చి చూశారు. మన విద్యా వాలంటీర్ల వంటివారే, శాశ్వత టీచర్ల జీతంలో చిన్న భాగం తీసుకునేవారు. ఆ బడుల పిల్లలు రెండేళ్లలో గణితంలో 0.16, భాషలో 0.15 ప్రామాణిక విచలనాల మేర ముందుకు వెళ్లారు. తక్కువ జీతం న్యాయమా అన్నది ఒక ప్రశ్న, తక్కువ జీతం టీచరు చదువు చెప్పలేడా అన్నది మరో ప్రశ్న. మొదటిదానిపై నేను మీ పక్షమే.

తూర్పుకనుమ

ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం మిగిలింది. విద్యాహక్కు చట్టంలోని 12(1)(సి) సెక్షన్ కింద ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఇస్తున్నాం కదా. అది పేరు మార్చుకున్న వోచరే అని కొందరు రాస్తున్నారు. ఈ అధ్యయన ఫలితాలను నేరుగా దానికి వర్తింపజేయవచ్చా? ప్రయోగంలో పనిచేసినది ప్రభుత్వం చేతికి వచ్చేసరికి పనిచేయకుండా పోతుందనే విమర్శకు నేను ఏమని జవాబు రాయాలి?

జవాబు 4: కృష్ణాతీరం

నేను కొంతకాలం పాఠశాల విద్యా ప్రణాళికల పనిలో ఉన్నాను కాబట్టి మీ రెండో ప్రశ్న నుంచి మొదలుపెడతాను. ఆ విమర్శ నిజం. దాన్ని ఖండించే ప్రయత్నం చేయకండి.

కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకాన్ని ఒకచోట స్వచ్ఛంద సంస్థ, మరోచోట ప్రభుత్వం నడిపేలా లాటరీ వేసి చూస్తే, సంస్థ నడిపిన చోట పిల్లల చదువు మెరుగుపడింది, ప్రభుత్వం నడిపిన చోట ఫలితం సున్నా. పథకం ఒక్కటే, టీచర్ల అర్హతలూ అవే. మన దేశంలో మధ్యప్రదేశ్ ఉదాహరణ ఇంకా ఘాటుగా ఉంటుంది. బడులను మదింపు చేసి, ఒక్కో బడికి అభివృద్ధి ప్రణాళిక రాయించి, అధికారులు తిరిగి పరిశీలించే కార్యక్రమం అక్కడ జరిగింది. మదింపులు పూర్తయ్యాయి, ప్రణాళికలు రాశారు, రిజిస్టర్లు నిండాయి. మురళీధరన్, అభిజీత్ సింగ్ కొలిచి చూస్తే బోధనలోగాని, పిల్లల చదువులోగాని ఏ మార్పూ లేదు. అయినా ఆ కార్యక్రమం వేల బడులకు, ఆ తర్వాత దేశమంతటికీ విస్తరించింది. కాగితం మీద ఏ లోటూ కనిపించని పథకాన్ని ఆపమని చెప్పే అధికారి ఎవరుంటారు? ఇటువంటి వ్యవస్థలో చిన్న ప్రయోగం నిర్ధారించిన అంకెను రాష్ట్రవ్యాప్త వాగ్దానంగా మార్చడం సాహసమే.

పరిశోధన అక్కరలేదని మాత్రం దీని అర్థం కాదు. మన దగ్గర వచ్చిన చిక్కు దీనికి తలకిందులు: పరీక్షించి చూడకుండానే పెద్ద మార్పులు తెస్తాం. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జీవో 117 కింద 3, 4, 5 తరగతులను ప్రాథమిక బడుల నుంచి తీసి కిలోమీటరు లోపు ఉన్న ఉన్నత పాఠశాలలకు కలిపారు. సబ్జెక్టు టీచరు దొరుకుతాడన్నది ఒక వాదన, ఊరి బడి ఖాళీ అవుతుందన్నది మరో వాదన. 2024లో ప్రభుత్వం మారాక, 2025లో ఆ జీవోను రద్దు చేసి కొత్త వర్గీకరణ తెచ్చారు. ఇంత పెద్ద మార్పు వచ్చి వెళ్లింది గాని, ఏ మండలాల్లో ముందు, ఏ మండలాల్లో ఏడాది తర్వాత అన్నది లాటరీతో తేల్చి ఉంటే ఖర్చు ఏమీ లేకుండా రెండు వాదనలూ తేలిపోయేవి. ఎమ్మెల్యేలు ఒప్పుకోరని మీరనవచ్చు. ఇళ్ల స్థలాలకు లాటరీ ఒప్పుకున్నవారు దీనికీ ఒప్పుకునేవారేమో.

సొమ్ము ఇచ్చే పథకాలపైనా ఒక మాట. ఇదే పరిశోధకుల బృందం సర్కారు బడులకు పిల్లల నోటు పుస్తకాలు, అభ్యాస సామగ్రి కోసం గ్రాంటు ఇచ్చి చూసింది. మొదటి ఏడాది గ్రాంటు అనుకోకుండా వచ్చింది కాబట్టి మార్కులు పెరిగాయి. రెండో ఏడాది వస్తుందని ముందే తెలిసిన తల్లిదండ్రులు తాము కొనేవి తగ్గించుకున్నారు, మార్కులపై ప్రభావం మాయమైంది. దీన్నిబట్టి గ్రాంటు వృథా అనే తీర్పు కొందరు ఇచ్చారు. నా లెక్కలో అది వృథా కాదు, పేద ఇంటికి ఆ మేరకు ఖర్చు తప్పింది. కాకపోతే బ్యాగు, బూట్లు, యూనిఫారం ఇచ్చే పథకాలను ‘చదువు ప్రమాణాలు పెంచే పథకం’ అని ప్రకటించుకోవడం మానేసి, కుటుంబానికి చేసే సాయం అని చెప్పుకుంటే సరిపోతుంది.

ఇక 12(1)(సి). నేరుగా వర్తింపజేయకూడదు. వోచర్ ప్రయోగం పల్లెల్లో, చవక ఫీజుల బడుల్లో జరిగింది. 25 శాతం సీట్లు పట్టణాల్లోని ఖరీదైన బడులకూ వర్తిస్తాయి. ప్రయోగంలో వోచర్ సొమ్ము ప్రాజెక్టు చెల్లించింది. ఇక్కడ ప్రభుత్వం నిర్ణయించే ఫీజు రేటు మీదా, చెల్లింపుల మీదా యాజమాన్యాలతో వివాదం నడుస్తూ ఉంటుంది, ఆ ప్రభావం పిల్లవాణ్ని తరగతిలో ఎలా చూస్తారన్న దానిపైనా పడవచ్చు. పైగా ఈ సెక్షన్‌ను 2012లో సుప్రీంకోర్టు సమర్థించినప్పుడు చర్చ మార్కుల చుట్టూ తిరగలేదు. అన్ని వర్గాల పిల్లలు ఒకే గదిలో కూర్చోవడం దాని ఉద్దేశాల్లో ఒకటి. తెలుగు, గణితం మార్కులతో దాన్ని గెలిపించడమూ ఓడించడమూ రెండూ పొరపాటే.

మీరు ఇంకా అంశం ఖాయం చేసుకోకపోతే ఒక సూచన. ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్ల కేటాయింపు ఆన్‌లైన్ లాటరీతో జరుగుతోంది. అంటే సీటు వచ్చినవారు, దరఖాస్తు చేసినా రానివారు అనే రెండు జాబితాలు మీరు ఏమీ చేయకుండానే తయారవుతున్నాయి. ఒకటి రెండు మండలాలు ఎంచుకుని, వివరాల గోప్యతకు హామీ ఇస్తూ, మీ విశ్వవిద్యాలయం ద్వారా సమగ్ర శిక్షా కార్యాలయానికి దరఖాస్తు పెట్టుకోండి. సీటు వచ్చినా చేరనివారిని జాబితా నుంచి తీసేయకండి, పైన పద్దులపుస్తకం గారు చెప్పిన 61 శాతం చిక్కు మీకూ తప్పదు. పరీక్ష పత్రంలో తెలుగు చదవడం, లెక్కలతో పాటు ఇంగ్లీషు కూడా పెట్టండి. తోటి పిల్లలతో కలిసి భోజనం చేస్తున్నారా, ఎవరి పక్కన కూర్చుంటున్నారు అన్న ప్రశ్నలు కూడా చేర్చండి. పిల్లలను బడిలో కాకుండా ఇంటి దగ్గర కలవడం మేలు, ఎందుకంటే సీటు రానివారు ఎన్ని బడుల్లోకి చెదిరిపోయి ఉంటారో ముందే చెప్పలేం.